అందరూ రాసే షీటులో మొదటిసారి చెయ్యి పెట్టేవారికి

మీరు అడిగింది ఇది. బీకాం పూర్తిచేసి దేవరకొండ నుంచి నల్లగొండ వచ్చి, బత్తాయి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ ఒకదానిలో ఆఫీసు అసిస్టెంటుగా చేరారు. ఎక్సెల్ ఫైలు తయారుచేసి వాట్సాప్‌లో పంపడం తప్ప ఇంతవరకు వేరే అలవాటు లేదు. అక్కడేమో అందరూ ఒకే గూగుల్ షీటులో ఒకేసారి రాస్తున్నారు. సరుకు కొనే కంపెనీవాళ్ళు మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోకి రమ్మంటున్నారు. ఏది ముట్టుకుంటే ఏది చెడిపోతుందో అని భయం. దేనితో మొదలుపెట్టాలి, ఎనిమిది వేలు కట్టి కోర్సులో చేరాలా అన్నారు. మహబూబ్‌నగర్‌లో నేను చూసే పనుల్లో, కొత్తగా చేరినవాళ్ళకు ఇవే నేర్పించడం ఒకటి. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు భయం సంగతి. సాఫ్ట్‌వేరు రాకపోవడం కన్నా ఈ భయం చేసే నష్టమే ఎక్కువ. భయపడినవారు షీటును డౌన్‌లోడ్ చేసుకుంటారు, తమ కంప్యూటర్లో జాగ్రత్తగా నింపుతారు, ‘ఫైనల్’ అని పేరు పెట్టి గ్రూపులో పంపుతారు. ఈలోగా మార్కెట్ యార్డులో ఉన్న మనిషి అసలు షీటులో మరో పది కాంటా చీటీలు ఎక్కించి ఉంటాడు. సాయంత్రానికి మేనేజరు ముందు రెండు లెక్కలు ఉంటాయి, రెండూ సగం సగం నిజం. జాగ్రత్త పేరుతో చేసిన పనే తగాదాకు మూలమవుతుంది.

పహాణీ (భూమి రికార్డు) నకలు తీసుకున్న ఇంట్లో పెరిగినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. నకలు మన బీరువాలో ఉంటుంది, మార్పులు మాత్రం అసలు రికార్డులో జరుగుతూ ఉంటాయి. రెండేళ్ళ కిందటి నకలు పట్టుకుని ఎవరైనా వాదిస్తే తహసీల్దారు కార్యాలయంలో ఏమంటారో మీకు తెలుసు. షేర్ చేసిన ఫైలు అసలు రికార్డు. అది ఒక్క చోటే ఉంటుంది, మనుషులే దాని దగ్గరకు వెళ్తారు. వాట్సాప్‌లో మీరు ఇంతకాలం పంపినవన్నీ నకళ్ళు. ఈ ఒక్క అలవాటు మారితే, గూగుల్ అయినా మైక్రోసాఫ్ట్ అయినా మిగతాదంతా ఏ బటను ఎక్కడుందో వెతుక్కోవడమే. అందుకే ఇకమీద ఎవరైనా ‘ఆ ఫైలు పంపండి’ అంటే ఫైలు పంపకండి, లింకు పంపండి.

సరే, అసలు షీటులో పొరపాటు జరిగితే? జరుగుతుంది. దానికే వెర్షన్ హిస్టరీ ఉంది. షీటులో ఫైల్ మెనూ తెరిస్తే కనిపిస్తుంది. అక్కడ తేదీ, గంట వారీగా పాత రూపాలన్నీ ఉంటాయి, ఎవరు ఏ గడి మార్చారో రంగు వేసి మరీ చూపిస్తుంది. ఒక్క గడి గురించే అనుమానమైతే ఆ గడి మీద కుడి క్లిక్ చేసి ‘షో ఎడిట్ హిస్టరీ’ నొక్కండి. అంతకుముందు ఎంత ఉండేది, ఎవరు మార్చారు అన్నది చిన్న పెట్టెలో వస్తుంది. వరుసలు తీసేయడం, చేర్చడం వంటివి మాత్రం ఆ చిన్న పెట్టెలో కనిపించవు, వాటికి పూర్తి హిస్టరీలోకే వెళ్ళాలి. ఈ హిస్టరీ కూడా ఎడిట్ చేసే అనుమతి ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొత్తగా హిస్టరీ సంగతి తెలిసినవాళ్ళు ఉత్సాహంగా ‘రీస్టోర్’ నొక్కేస్తారు. మధ్యాహ్నం మూడు గంటల రూపానికి వెనక్కి తీసుకెళ్తే, మూడు తర్వాత అందరూ రాసింది షీటులోంచి పోతుంది. హిస్టరీలో అది మిగిలే ఉంటుంది కాబట్టి మళ్ళీ తెచ్చుకోవచ్చు, కానీ ఆ అరగంటలో ఆఫీసులో జరిగే గొడవ మీకెందుకు? పాత రూపాన్ని విడిగా ఒక కాపీగా తీసి, అందులోంచి పోయిన వరుసలను మాత్రం తెచ్చి అతికించండి. ఇప్పుడే చేసిన పొరపాటుకైతే కంట్రోల్-జెడ్ చాలు. అది మీరు చేసిన మార్పునే వెనక్కి తీస్తుంది, పక్కవారు రాసినదాన్ని కదిలించదు.

ఈ హిస్టరీని ‘మన మీద నిఘా’ అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆఫీసులో అందరికన్నా చిన్న ఉద్యోగికి అందరికన్నా పెద్ద రక్షణ ఇదే. లెక్క తేడా వచ్చిన రోజు వేలు ముందుగా కొత్తవారి వైపే లేస్తుంది. ఆ గడి ఎవరి చేతిలో మారిందో షీటే చెబుతుంటే మీరు గొంతు పెంచవలసిన పని లేదు.

మీరు అసలు భయపడవలసింది వేరే ఉంది, దాని గురించి ఎవరూ హెచ్చరించరు. అది సార్టింగు. మీ షీటులో రైతు పేరు, గ్రామం, కాంటా తేదీ, బరువు, తరుగు, ధర అని నిలువు వరుసలు ఉంటాయనుకుందాం. ఎక్కువ సరుకు ఎవరు తెచ్చారో చూద్దామని బరువు వరుస ఒక్కదాన్నే ఎంచుకుని, ఆ భాగం వరకే సార్ట్ చేశారు. బరువులు పెద్ద నుంచి చిన్నకు చక్కగా వస్తాయి, పేర్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మల్లయ్య బరువు యాదయ్య వరుసలోకి వెళ్ళిపోతుంది. దీనిలోని విషమేమిటంటే కింద మొత్తం మారదు. టన్నుల లెక్క సరిగ్గా సరిపోతుంది, షీటు ఇదివరకటి కన్నా అందంగా కనిపిస్తుంది, చెల్లింపుల రోజున రైతు వచ్చి కౌంటరు ముందు నిలబడేదాకా ఎవరికీ తెలియదు. అందుకని సార్ట్ చేయాలంటే పట్టిక మొత్తాన్ని ఎంచుకునే చేయండి. ఇంకా మంచిది, అందరి షీటులో అసలు సార్ట్ చేయకండి.

ఫిల్టరు విషయంలోనూ అంతే. మీరు మామూలు ఫిల్టరు పెట్టి ‘కనగల్’ ఒక్కటే కనిపించేలా చేస్తే, అదే సమయంలో షీటు తెరిచిన అందరికీ కనగల్ రైతులే కనిపిస్తారు. యార్డులో ఉన్న మనిషి ‘నా ఎంట్రీలన్నీ ఎవరో తీసేశారు’ అని ఫోన్ చేస్తాడు. గూగుల్ షీట్స్‌లో దీనికి ‘ఫిల్టర్ వ్యూ’ అని విడిగా ఉంది, అది మీ చూపును మాత్రమే మారుస్తుంది. ఆన్‌లైన్ ఎక్సెల్‌లోనైతే ఇతరులు కూడా ఫైలులో ఉన్నప్పుడు ఫిల్టరు పెడితే, ఈ మార్పు మీకే కనిపించాలా, అందరికీ కనిపించాలా అని అదే అడుగుతుంది. ‘నాకే’ అన్నదాన్ని ఎంచుకోండి.

తలవరుసను, ఫార్ములాలు ఉన్న గడులను ‘ప్రొటెక్ట్’ చేయమని మీ మేనేజరును అడగండి. పూర్తిగా తాళం వేయనక్కరలేదు, మార్చబోతే ఒక హెచ్చరిక వచ్చేలా పెట్టినా చాలు.

ఇప్పుడు మీరు రాసిన చిత్రమైన సమస్యకు వస్తాను: ‘నిన్న నింపిన వివరాలు ఈరోజు కనిపించడం లేదు, కానీ నేను నింపినట్టు నాకు బాగా గుర్తు.’ నూటికి తొంభై సార్లు ఇది రెండు ఫైళ్ళ గొడవ. ఎవరో ఎక్సెల్ ఫైలును గూగుల్ డ్రైవ్‌లో, అంటే ఫైళ్ళను ఆన్‌లైన్‌లో దాచేచోట పెట్టారు. పేరు పక్కన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అన్న గుర్తు ఉంటుంది. దాన్ని అలాగే తెరిచి ఎడిట్ చేయవచ్చు. కానీ మధ్యలో ఎవరో ‘సేవ్ యాజ్ గూగుల్ షీట్స్’ నొక్కారు. అప్పుడు పాతది పాతదిగానే ఉండి, అదే పేరుతో రెండోది పుడుతుంది. మీరు ఒకదాంట్లో, మిగతావారు ఇంకోదాంట్లో రాస్తున్నారు. డ్రైవ్‌లో ఆ పేరుతో వెతకండి, రెండు కనిపిస్తాయి. ఏది ఉంచాలో మేనేజరుతో తేల్చుకుని, రెండోదాని పేరు ముందు ‘పాతది – వాడవద్దు’ అని చేర్చండి. వెంటనే డిలీట్ చేయకండి. మీదే అయిన ఫైలును ట్రాష్‌లో వేస్తే గూగుల్ డ్రైవ్‌లో 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. ఆ తర్వాత ఎవరికైనా అవసరం పడుతుందేమో తెలియదు.

ఇక అనుమతులు. చూడటానికి మాత్రమే అయితే వ్యూయర్, పక్కన వ్యాఖ్య రాయడానికి కామెంటర్, మార్చడానికి ఎడిటర్. వీటిలో తికమక పడేది ఏమీ లేదు. తికమకంతా ‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న ఒక్క ఎంపికలో ఉంది. ‘యాక్సెస్ లేదు’ అని ఎవరైనా ఫోన్ చేయగానే, తొందరలో దాన్ని నొక్కేసి లింకు పంపేస్తారు. ఆ లింకు గ్రూపులు దాటి ఎక్కడికి పోయినా తెరుచుకుంటుంది, లాగిన్ కూడా అడగదు. మీ షీటులో రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కొన్నిచోట్ల ఆధార్ కూడా ఉంటాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం ఇలాంటి వివరాలను కాపాడే బాధ్యతను వాటిని సేకరించిన సంస్థ మీదే పెట్టింది. చట్టం మాట అలా ఉంచి, ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఒకేచోట దొరికితే మోసగాళ్ళు ఆ రైతుకు ఫోన్ చేసి ఎంత నమ్మకంగా మాట్లాడగలరో ఆలోచించండి. యాక్సెస్ అడిగినవారి ఈమెయిలు చిరునామాను ఒక్కొక్కటిగా చేర్చండి. నిమిషం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. కాంటా వివరాల షీటు, బ్యాంకు వివరాల షీటు వేర్వేరు ఫైళ్ళుగా ఉంటే ఇంకా నయం. ఒకే ఫైలులో ట్యాబులుగా పెట్టి ఒకదాన్ని దాచితే సరిపోదు. ఫైలు షేర్ చేయడమంటే అన్ని ట్యాబులూ షేర్ చేయడమే.

ఖాతా నంబర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. షీటు వాటిని లెక్కించే సంఖ్యలనుకుంటుంది. ముందున్న సున్నాలను తీసేస్తుంది, 15 అంకెలు దాటితే ఆపై అంకెలను సున్నాలు చేసేస్తుంది. నంబర్లు ఎక్కించకముందే ఆ నిలువు వరుసను ఫార్మాట్ మెనూలో ‘ప్లెయిన్ టెక్స్ట్’ చేసి ఉంచండి. తర్వాత మార్చితే పోయిన అంకెలు తిరిగి రావు.

తేదీలది మరో తంటా. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే 07/08/2025 అని మీరు ఆగస్టు ఏడో తేదీ రాసింది, దాని దృష్టిలో జులై ఎనిమిది. అదే 25/08/2025 రాస్తే, ఇరవై ఐదో నెల లేదు కాబట్టి తేదీగా కాక ఉత్త అక్షరాలుగా ఉంచుతుంది. నెలలో పన్నెండో తేదీ వరకు తప్పు తేదీలు, ఆ తర్వాత అసలు తేదీలే కానివి! కత్తెర కాపు ఎంత వచ్చింది, సీజన్ కాపు ఎంత వచ్చింది అని విడదీయబోతే అన్నీ కలగాపులగం అవుతాయి. ఫైల్ మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్ళి లొకేల్‌ను (ఏ దేశం పద్ధతి అన్నదాన్ని) ఇండియాగా మార్చాలి. కొత్త షీటు మొదలుపెట్టిన ప్రతిసారీ ముందు ఇది చూడటం అలవాటు చేసుకోండి.

ఊళ్ళ పేర్లను ఎవరికి తోచినట్టు వారు రాయనివ్వకండి. ఒకరు తెలుగులో చండూరు అంటారు, ఒకరు ఇంగ్లిషులో ఒక ‘యూ’తో, మరొకరు రెండు ‘ఓ’లతో. షీటుకు అవి మూడు ఊళ్ళు. డేటా వాలిడేషన్‌లో డ్రాప్‌డౌన్ జాబితా పెట్టి, అందులోంచే ఎంచుకునేలా చేస్తే ఈ గోల ఉండదు. మండలం, జిల్లా పేర్లు కూడా ఉండాలి. నల్లగొండ జిల్లాలోని నాంపల్లిని నాంపల్లి అని మాత్రమే రాస్తే, సరుకు కొనే కంపెనీ గుమాస్తా హైదరాబాదు నాంపల్లిలో బత్తాయి తోట ఎక్కడుందా అని ఆశ్చర్యపోతాడు.

తెలుగు టైపింగు గురించి కూడా అడిగారు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన తీర్మానాన్ని గూగుల్ డాక్స్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయంటే తప్పు మీది కాదు, డాక్స్‌ది కూడా కాదు. ఆ పాత ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే అయినా లోపల నిల్వ ఉండేవి వేరే గుర్తులు. ఆ ఫాంటు లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. వెతికితే దొరకదు, ఫోనులో తెరుచుకోదు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో ఇమ్మని డీటీపీ వారిని అడగండి, లేదా కన్వర్టరుతో మార్చి ఒకసారి చదివి సరిచూసుకోండి. ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. మీరు స్వయంగా రాయాలంటే ఫోనులోని జీబోర్డు (గూగుల్ కీబోర్డు) చాలు, నోటితో చెప్పినా రాస్తుంది. డాక్స్‌లో తెలుగు ఫాంట్లు తక్కువేమీ లేవు: మండలి, పెద్దన, తిమ్మన, సురవరం. సురవరం అన్న పేరు చూసినప్పుడల్లా, 1926లో మొదలైన గోలకొండ పత్రికను నడిపిన మన పాలమూరు ప్రతాపరెడ్డి గారు గుర్తొచ్చి నేను దాన్నే ఎంచుకుంటాను. మీకు నచ్చినది మీరు ఎంచుకోండి.

ఫైలు ఎవరిది అన్న ప్రశ్న చాలా ఆఫీసుల్లో ఉద్యోగి మానేసిన రోజున గానీ రాదు. గూగుల్‌లో ‘మై డ్రైవ్’లో తయారుచేసిన ఫైలు ఆ వ్యక్తిదే. ఎంతమందికి షేర్ చేసినా యజమాని అతడే. అతడు డిలీట్ చేస్తే అందరికీ పోతుంది. మీ కంపెనీ షీటు ఎవరిదో సొంత జీమెయిల్‌లో ఉందేమో చూడండి. షేర్ బటను నొక్కితే పేరు పక్కన ‘ఓనర్’ అని ఉంటుంది. ఉచిత ఖాతాకు జీమెయిలు, ఫోటోలు, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీయే. ఇంట్లో పెళ్ళి వీడియోలతో ఆ ఖాతా నిండిపోతే ఆఫీసు షీటులో కూడా ఎవరూ ఏమీ రాయలేని పరిస్థితి రావచ్చు. డబ్బు కట్టి తీసుకునే గూగుల్ వర్క్‌స్పేస్‌లో కొన్ని ప్లాన్లకు ‘షేర్డ్ డ్రైవ్’ ఉంటుంది, అందులోని ఫైళ్ళు సంస్థవి. అది లేకపోతే, కనీసం కంపెనీ పేరుతో ఒక ఖాతా తెరిచి అసలు ఫైళ్ళన్నీ దానిలో ఉంచాలి. దాని పాస్‌వర్డు, రెండో దశ ధ్రువీకరణకు వాడే ఫోను బాధ్యులైనవారి దగ్గర ఉండాలి. చేరిన కొత్తలో ఈ మాట మీరు ఎత్తడం ఇబ్బందే. ‘సార్, దీని ఓనర్ ఎవరని ఉండాలి?’ అని అడిగి ఊరుకోండి, చాలు.

టీమ్స్ మీకు కొత్తగా కనిపించినా లోపల సంగతి ఇదే. అందులో చానల్ వేరు, చాట్ వేరు. చానల్‌లో పెట్టిన ఫైలు ఆ బృందానికి చెందిన షేర్‌పాయింట్‌లో (మైక్రోసాఫ్ట్‌లో అందరి ఫైళ్ళ చోటు) ఉంటుంది. చాట్‌లో పంపిన ఫైలు పంపినవారి వన్‌డ్రైవ్‌లో (ఒక్కొక్కరి సొంత ఫైళ్ళ చోటు) ఉంటుంది. పంపినవారు ఉద్యోగం మానేసి ఖాతా తీసేస్తే, మామూలు సెట్టింగులో 30 రోజులకు ఆ వన్‌డ్రైవ్ కూడా పోతుంది. అందుకని పనికి సంబంధించిన ఫైళ్ళు చానల్‌లోనే పెట్టండి. ఎవరైనా ఒక విషయం మీద రాస్తే దాని కిందే ‘రిప్లై’ ఇవ్వండి, పైన కొత్త పోస్టుగా రాయకండి. లారీ నంబరు అడిగిన ప్రశ్న ఒకచోట, జవాబు మరోచోట ఉంటే మర్నాడు ఎవరికీ దొరకదు. ఇంకొక సంగతి, కొనుగోలుదారు మిమ్మల్ని పిలిచింది వాళ్ళ టీమ్స్‌లోకి. మీరు అక్కడ అతిథి. అక్కడి ఫైళ్ళు వాళ్ళవి, ఎప్పుడైనా మీకు తలుపు మూయవచ్చు. ధరలు ఒప్పుకున్న పత్రాల ప్రతి ఒకటి మీ వైపు దాచుకోండి. నకళ్ళు వద్దని అన్నాను కదా, ఈ ఒక్కచోట మాత్రం కావాలి.

పక్కవారు రాసిన వాక్యం తప్పనిపిస్తే దాన్ని నేరుగా చెరిపేయకండి. డాక్స్‌లో ‘సజెస్టింగ్’ పద్ధతి ఉంది. మీ మార్పు రంగులో కనిపిస్తుంది, వారు ఒప్పుకుంటేనే అసలులోకి వెళ్తుంది. షీటులోనైతే గడి మీద కామెంటు పెట్టి, @ గుర్తు తర్వాత వారి ఈమెయిలు ఎంచుకుంటే వారికి కబురు వెళ్తుంది. ముఖ్యంగా వయసులో పెద్దవారైన గుమాస్తాలతో ఇది పాటించండి. ముప్పై ఏళ్ళు రిజిస్టరు రాసిన చేతిని కొత్తగా వచ్చిన అమ్మాయి చెరిపేస్తే సాఫ్ట్‌వేరు మీదే కోపం పెంచుకుంటారు.

యార్డులో సిగ్నల్ ఉండదన్నారు. ఆఫ్‌లైన్ ఎంపికను నెట్ ఉన్నప్పుడే, క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజరులో పెట్టి ఉంచాలి. ఫోనులో యాప్‌లోనైతే ఆ ఫైలు ఎదురుగా ఉన్న చుక్కలు నొక్కితే దొరుకుతుంది. నెట్ రాగానే రాసినవి అసలు షీటులోకి వెళ్తాయి. ఇది మీ సొంత పరికరంలోనే చేయండి. జిరాక్స్ సెంటర్లో ప్రింటు కోసం లాగిన్ కావలసి వస్తే బ్రౌజరులో లాగిన్‌ను గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి, పని కాగానే మూసేయండి. పీడీఎఫ్ చేసి తీసుకెళ్తే ఆ అవసరమే ఉండదు.

సాధన ఎలా చేయాలో చెబుతాను. మీ ఖాతాతో ఒక ఉత్తుత్తి షీటు తెరిచి పది దొంగ పేర్లు నింపండి. పక్కనే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అందులో ఇంకో ఖాతాతో లాగిన్ అవ్వండి, తమ్ముడిదైనా సరే. మొదట వ్యూయర్‌గా షేర్ చేసి అవతలి కిటికీలో ఏమి కనిపిస్తుందో చూడండి, తర్వాత ఎడిటర్‌గా మార్చండి. ఒకవైపు ఫిల్టరు పెట్టి రెండోవైపు చూడండి. బరువు వరుసను కావాలని తప్పుగా సార్ట్ చేసి, హిస్టరీలోంచి వెనక్కి తెచ్చుకోండి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇలా కూర్చుంటే, సోమవారం ఆఫీసు షీటు తెరిచినప్పుడు చెయ్యి వణకదు.

ఎనిమిది వేల కోర్సు ఇప్పుడు వద్దు. వారి పాఠాల జాబితా తెప్పించుకుని చూడండి. ఫైలు తెరవడం, షేర్ చేయడం, మీటింగులో చేరడం మాత్రమే ఉంటే అవన్నీ గూగుల్, మైక్రోసాఫ్ట్ సహాయ పేజీల్లో ఉచితంగా ఉన్నాయి. వీ-లుకప్ (ఒక పట్టికలోంచి వివరాలు వెతికి తెచ్చే ఫార్ములా), పివట్ టేబుల్ (పెద్ద పట్టికను కుదించి చూపేది), జీఎస్టీ లెక్కల వంటివి మీ చేత చేయించి, తప్పులు దిద్దుతారంటే ఓ ఆరు నెలల తర్వాత ఆలోచించవచ్చు. అప్పటికి మీ షీటులో ఏ పనికి ఎక్కువ సమయం పోతుందో మీకే తెలిసి ఉంటుంది. ముందు ఆ రెండు ఫైళ్ళ సంగతి తేల్చుకోండి. డ్రైవ్‌లో వెతికితే రెండోది దొరకకపోతే, బ్రౌజరులో పైన కనిపించే షీటు చిరునామాలో ‘/d/’ తర్వాత వచ్చే పొడవాటి అక్షరాల వరుసను మీ సహోద్యోగి కంప్యూటర్లో ఉన్నదానితో పోల్చి చూడండి. అది వేరుగా ఉంటే ఫైళ్ళు వేరే.